చిన్నకోడలి జేబులు

కోటు కుట్టడమంతా అయిపోయాక ఆఖరున మిగిలేది విప్పడం. అతుకులు కదలకుండా ముందుగా వేసుకున్న కచ్చా కుట్లన్నీ చిన్న కత్తెరతో తెంపి, దారం కొస పట్టుకుని ఒక్కొక్కటే లాగెయ్యాలి. మెడ దగ్గరవి, భుజాల దగ్గరవి, కింద అంచువి. ఇస్త్రీ పెట్టెకి సాగిపోకుండా జేబుల నోళ్ళకి వేసినవి అన్నిటికంటే చివర. పెద్దకోడలికి ఈ పనంటే ఇష్టం. అంతసేపూ బిగదీసుకున్న గుడ్డ ఒక్కో దారం ఊడుతుంటే ఒళ్ళు విరుచుకుని మనిషి ఆకారానికి వస్తుంది. ఆ సుఖం మాత్రం కుట్టినవాళ్ళదే, వేసుకునేవాళ్ళకి దొరకదు.

ఈ కోటు వేసుకోబోయేది తోడికోడలు. ముదురు నీలం ఉన్ని గుడ్డ, అత్తగారు ఎన్నాళ్ళుగానో పెట్టెలో దాచింది. ఒక్క కోటుకే సరిపోతుందని తేలగానే అది ఎవరికన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. మేడమీద మిషను గదిలో కిటికీ పక్కన కూచుని, కోటు ఒళ్ళో పరుచుకుని, పెద్దకోడలు దారాలు లాగుతూ ఉంది. చిన్నకోడలి కొలతలు రాసుకోవాల్సిన అవసరం కూడా లేదు ఆమెకి. సన్నటి భుజాలు, పొడుగు మెడ, ఏ గుడ్డ కప్పినా దాని మీదే పుట్టినట్టు జారే నడుం. కుట్టేవాళ్ళకి అలాంటి ఒళ్ళు దొరకడం అదృష్టమంటారు. ఆ అదృష్టం పక్కన కూచుని అన్నం తినాల్సి వస్తే తెలుస్తుంది.

భర్త పాలిష్ బ్రష్ వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు.

"అయిపోయిందా? అమ్మ కింద నుంచి రెండుసార్లు కేకేసింది."

"జేబులొక్కటే ఉన్నాయి." కత్తెర చేతిలోనే ఉంది. గుడ్డ చల్లగా మెత్తగా ఒళ్ళో ఉంటే ఎందుకో ధైర్యం వచ్చింది. "ఏవండీ, ఈ ఏడు నాకూ ఒకటి కుట్టుకుందామనుకుంటున్నా. మోచేతుల దగ్గర మళ్ళీ వేద్దామంటే పాతదానికి అతుకు నిలవడం లేదు."

ఆయన బల్ల కిందకి వంగి చూస్తున్నాడు. "ఇప్పుడు నీకు తొందరేముందోయ్? రేపు చర్చిలో ముందు నిలబడి వాక్యం చదివేది తను. నువ్వు వెనక స్తంభం పక్కన కూచునేదానివి. నిన్నెవరు చూస్తారు?"

కోపంగా అనలేదు. వెక్కిరింపుగా కూడా అనలేదు. వాన పడేలా ఉందన్నట్టు అన్నాడు. బ్రష్ దొరికింది. వెళ్ళి, తన బూట్లతో పాటు ఆమె బూట్లు కూడా నిగనిగలాడేట్టు పాలిష్ చేసి గుమ్మం దగ్గర పక్కపక్కనే పెట్టాడు. ఆ మనిషితో వచ్చిన చిక్కే అది. పూర్తిగా చెడ్డవాడైనా బావుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

పెద్దకోడలు కత్తెర బల్ల మీద పెట్టింది. కోటు మడత పెట్టింది. జేబుల నోళ్ళకి వేసిన కుట్లు అలాగే ఉన్నాయి. అవి తెల్లదారంతో వేసినవి కావు, గుడ్డ రంగు దారమే. ఎవరైనా చూస్తే జేబు ఆకారంలో ఒక అందమైన గీత అనుకుంటారు. మరిచిపోలేదు. ఆమె చేతులు అలాంటివి మరిచిపోవు. రేపు అంతమంది ముందు నిలబడి, చలికి చేతులు జేబుల్లోకి తోద్దామని చూసి, వేళ్ళు పోక, తడుముకుని, ఒక్క క్షణం ఆ పొడుగు మెడ ఎర్రబడితే చాలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఒక్క క్షణం.

* * *

పెళ్ళికి ముందు ఆమె వాక్యం చదివేది. పుట్టింటి చర్చిలో అందరికంటే చివర వరసలో ఉన్న చెవిటి తాతకి కూడా వినపడేట్టు, అరవకుండా. గొంతు గంటలా ఉందని అనేవాళ్ళు. ఇక్కడికి వచ్చాక కూడా, చలికాలం ఆరాధనల్లో వాక్యం స్త్రీలు చదవడం ఆనవాయితీ అని తెలిసి, సిగ్గు విడిచి పాస్టరమ్మగారిని అడిగింది. పాస్టరుగారి భార్య ఆవిడ, స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరు చదవాలో ఆవిడ మాటే మాట.

"నీ గొంతు బావుంటుందమ్మాయ్, నేను కాదనను," అంది ఆవిడ, ఆమె చెయ్యి తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని. "కానీ ముందు నిలబడ్డప్పుడు ఒద్దిగ్గా కనపడాలి కదా. నీ కోటు చూడు, మోచేతుల దగ్గర అతుకులు. అందరి చూపూ అక్కడే ఉంటే వాక్యం ఎవరు వింటారు చెప్పు?"

ఒద్దిక అంటే కళ్ళు దించుకోవడమనీ, మెల్లగా మాట్లాడటమనీ అంతవరకూ అనుకునేది. అతుకులు లేకపోవడం అని ఆ రోజు తెలిసింది.

తరవాత ఏడాదికి మరిదికి పెళ్ళయింది. చిన్నకోడలు వచ్చిన మొదటి చలికాలమే ముందుకు పిలిచారు. గొంతు పెద్దగా లేదు. రెండో వరస దాటి వినపడదు. వినపడకపోయినా అందరూ మెడలు చాచి వింటారు, అదే విచిత్రం. ఆ రోజు తోడికోడలు వేసుకున్న జాకెట్టూ, పొడుగు లంగా, మెడ చుట్టూ కప్పుకున్న స్కార్ఫూ కుట్టింది పెద్దకోడలు. "ఎంత చక్కగా తయారవుతుందో మీ చిన్నకోడలు!" అని అందరూ అత్తగారితో అంటే, స్తంభం పక్కన కూచుని విన్నది పెద్దకోడలు. తయారవడం ఒకరిది, తయారు చెయ్యడం ఒకరిది. మెచ్చుకోలుకి ఆ తేడా తెలియదు.

చర్చి గుమ్మం పక్కన బోర్డు మీద చలి మొదలవగానే ప్రతి ఏడూ ఒకే ప్రకటన అంటిస్తారు. 'చలికాలపు ఆరాధనలకు స్త్రీలు మర్యాదగాను, వెచ్చగాను దుస్తులు ధరించి రావలెను.' మగవాళ్ళకి ఏ ప్రకటనా లేదు. రాతి గోడల పాత కట్టడం అది. లోపల రెండే హీటర్లు. ఒకటి వాక్యం చదివే బల్ల దగ్గర, ఇంకోటి మగవాళ్ళ వరసల పక్కన. తలుపు వైపు కూచునేది ఆడవాళ్ళు. ఎందుకలా అని ఒకసారి భర్తని అడిగితే, ఆయన చర్చిలో అందరినీ చోట్లలో కూచోబెట్టే పెద్దమనిషి కాబట్టి కాస్త ఆలోచించి, "మీకు షాల్స్ ఉంటాయి కదా," అన్నాడు. మర్యాద మనకీ వెచ్చదనం వాళ్ళకీ పంచారన్నమాట, అనుకుంది పెద్దకోడలు. పైకి అనలేదు. పైకి అనని మాటలన్నీ పేర్చుకుంటే ఆ రాతి గోడంత అయ్యేది.

* * *

ఆదివారం పొద్దున కింది వాటా గుమ్మం దగ్గర అందరూ బయల్దేరుతున్నారు. కోటు తెచ్చి ఇచ్చింది. చిన్నకోడలు రెండు చేతులతో అందుకుని, మొహానికి ఆనించుకుని, "అక్కా! ఇది నాకా నిజంగా?" అంది. ఆ ఆనందం చూస్తే జాలి పడాలి. పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఇంతలో మరిది ముందుకొచ్చి కోటు తీసుకుని, భార్య వెనక నిలబడి, విప్పి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి చూడకుండా ఒక చెయ్యి, తరవాత ఇంకో చెయ్యి అందులోకి జార్చింది. అతను కాలరు సర్ది, జుట్టు పాయ ఒకటి లోపల ఇరుక్కుంటే మెల్లగా పైకి తీశాడు.

అది. అసలు మంట కోటు మీద కాదు, చదవడం మీద కూడా కాదు. వెనక్కి చూడకుండా చెయ్యి చాపితే అక్కడ ఎవరో ఉంటారన్న నమ్మకం, అది. పెద్దకోడలు తన పాత గోధుమరంగు కోటు తనే తొడుక్కుంది. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే చిరిగిన అస్తరులో ఇరుక్కుంది. చెయ్యి ఎటూ పోక గింజుకుంటుంటే, వీధిలోంచి భర్త "ఇదిగో, గంట కొట్టేస్తారు!" అని కేకేశాడు.

చర్చిలో నోటి ముందు ఆవిరి కనపడుతోంది. స్తంభం పక్కన కూచుని, చేతులు చంకల్లో దూర్చుకుని, పెద్దకోడలు ఎదురు చూసింది. చిన్నకోడలు ముందుకు నడిచింది. నీలం కోటు నడుం దగ్గర అణిగి, మోకాళ్ళ కింద కొద్దిగా విచ్చుకుని... ఎంత బాగా కుట్టాను అనుకుంది ఒక పక్క. ఎందుకు కుట్టాను అనుకుంది ఇంకో పక్క. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. చిన్నకోడలు చేతులు కిందకి వెళ్ళాయి. జేబుల మీద ఆగాయి. వేళ్ళు ఒకసారి అటూ ఇటూ కదిలాయి.

పెద్దకోడలు స్తంభం పక్క నుంచి ముందుకు వంగింది.

మెడ ఎర్రబడలేదు. తడుముకోలేదు. చిన్నకోడలు ఆ రెండు చేతులూ మెల్లగా పైకి తెచ్చి, గుండెల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని, తల కాస్త వంచి, చదవడం మొదలుపెట్టింది. కిటికీ అద్దం లోంచి వచ్చిన కాస్త వెలుతురు సరిగ్గా ఆ చేతుల మీదే పడాలా? అది కూడా పడింది. ఆడవాళ్ళ వరసల్లో ఎవరో సన్నగా నిట్టూర్చారు.

ఆరాధన అయ్యాక మెట్ల మీద పాస్టరమ్మగారు చిన్నకోడలిని ఆపింది. కోటు అంచు వేళ్ళతో తడిమి, జేబుల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇవి మూసి ఉన్నాయే!"

"అవునండీ. మా అక్క అలాగే కుట్టింది," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు నోరు తెరిచేలోగా అత్తగారు అందుకుంది. "మా ఇంటి పద్ధతండీ అది. ఆడది జేబుల్లో చేతులు దోపుకుని దేవుడి ముందు నిలబడితే ఏం బావుంటుంది? చేతులు బయట ఉంటేనే దణ్ణం గుర్తుంటుంది."

"ఎంత మంచి మాటన్నారండీ!" పాస్టరమ్మగారి కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. "నేను ఇన్నేళ్ళుగా చెప్పాలనుకుంటున్న ఒద్దిక ఇదే. చూశారా, ఆ పిల్ల ఎలా నిలబడిందో."

మూసి ఉంటే మూసి ఉన్నాయి గానీ, అందులో ఇంటి పద్ధతి ఎక్కడిది? పెద్దకోడలికి నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. చేసిన మంచి ఎలాగూ చిన్నకోడలి ఖాతాలో పడుతుంది, అది అలవాటే. చేసిన చెడు కూడా అక్కడే జమ పడితే ఇక తనకంటూ మిగిలేదేమిటి?

* * *

పగలు ఆమె పని చేసేది రెడీమేడ్ బట్టల దుకాణంలో. కొన్నవాళ్ళకి పొడుగైతే కత్తిరించి, బిగుతైతే వదులు చేసి ఇవ్వడం. దుకాణం వెనక పరదా కట్టిన చిన్న చోటు, అందులో మిషను, ఇస్త్రీ బల్ల. బయట ఎవరైనా అడిగితే యజమాని "లోపల మనిషి ఉంది, చేస్తుంది," అంటాడు. లోపల మనిషికి పేరూ మొహమూ అక్కర్లేదు. అయితే చలి రోజుల్లో ఆయన ఎవరూ చూడకుండా వేడినీళ్ళ సంచి ఒకటి నింపి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి పోతాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే తీసేస్తాడేమోనని ఆమెకి భయం.

ఆ వారం మధ్యలో పరదా అవతల నుంచి తెలిసిన గొంతులు వినిపించాయి.

"కోటు కొలతలు బాగానే ఉన్నాయండీ. ఈ జేబులు మాత్రం మూసెయ్యాలి."

"మూసెయ్యాలా?" యజమాని గొంతు. "చిరిగాయా అమ్మా?"

"చిరగలేదు. మా చర్చిలో ఇప్పుడు అలాగే వేసుకుంటున్నాం. చిన్నకోడలి జేబులు అని చెప్పండి, లోపలావిడకి తెలుస్తుంది."

కోటు పరదా లోపలికి వచ్చింది. దాని వెనకే ఇంకోటి. శనివారానికి బల్ల మీద కోట్లు గుట్టయ్యాయి. బడి పంతులమ్మది, మందుల షాపు ఆయన భార్యది, పాస్టరమ్మగారిది. యజమాని తల గోక్కుంటూ వచ్చి నిలబడ్డాడు. "జేబులు లేవని గొడవ పెట్టే ఆడవాళ్ళని చూశాను గానీ, ఉన్నవి కుట్టించుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. ఇంతకీ ఎవరా చిన్నకోడలు? నీకు తెలుసా?"

"తెలుసు," అంది పెద్దకోడలు, పళ్ళ మధ్య దారం కొరుకుతూ.

కుట్టింది. ఒక్కో జేబు నోరూ అదే కచ్చా కుట్టుతో మూస్తూ పోయింది. మొదట్లో ఒక పాడు సంతోషం కలిగింది, దాచుకోలేనంత. నన్ను స్తంభం పక్కన కూచోబెట్టారు కదా, కూచోండి మరి, చేతులు కొంకర్లు పోయేట్టు! ఊరి ఆడవాళ్ళందరి చేతులూ తన సూది చెప్పినట్టు వింటున్నాయి. పాస్టరుగారు ఇన్నేళ్ళు ప్రసంగాలు చేసి సాధించలేనిది తను రెండు వరసల కుట్టుతో సాధించింది. కానీ ఆ సంతోషం మీద కూడా చిన్నకోడలి పేరే ఉంది. చిన్నకోడలి జేబులట! నా కుళ్ళుకి కూడా దాని పేరే పెట్టారు, అనుకుంది. అలా అనుకుని తనలో తనే నవ్వుకుంటుండగా, పంతులమ్మ కోటు జేబు లోపల వేళ్ళకి ఏదో తగిలింది. అరిగిపోయిన ఒక చిన్న ఉన్ని తొడుగు, పసిపిల్ల చేతిది. తల్లి జేబులో పిల్ల చెయ్యి పెట్టుకుని నడిచిన గుర్తు. పెద్దకోడలు దాన్ని కాసేపు పట్టుకుని కూచుంది. తీసి పక్కన పెట్టి, ఆ జేబూ మూసేసింది.

మర్నాడు చర్చిలో చూసింది. ఆడవాళ్ళ వరసల్లో అందరూ చేతులు పట్టుకుని కూచున్నారు. ఎంత భక్తో అన్నట్టు. దగ్గరగా చూస్తే వేళ్ళు నులుముకుంటున్నారు, నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటున్నారు, ఊదడం ఆపి ఎవరైనా చూశారా అని చూస్తున్నారు. పంతులమ్మ పక్కన ఆమె కూతురు తల్లి కోటు జేబు మీద గోళ్ళతో గీకి గీకి, చివరికి తన చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుంది. అటు హీటరు పక్కన మగవాళ్ళు జేబుల్లో చేతులు పెట్టుకుని కాళ్ళు చాచుకున్నారు.

ఆ రోజే పాస్టరమ్మగారు ఆమెని పక్కకి పిలిచింది. చేతిలో మడత పెట్టిన కోటు. నల్లది, దాదాపు కొత్తది. "ఇది నాకు బిగుతైపోయిందమ్మాయ్. నువ్వు సరిచేసుకుని వేసుకో. జేబులు మాత్రం మన పద్ధతిలో..." అని నవ్వింది. "నీ వల్ల సమాజానికి ఎంత మేలు జరిగిందో నేనెరుగుదును. వచ్చే ఆదివారం వాక్యం నువ్వు చదువు."

ఇన్నేళ్ళు ఎదురు చూసిన మాట, అతుకులు లేని కోటుతో సహా వచ్చింది. పెద్దకోడలు "సరేనండీ," అంది. ఆవిడ చేతులు ఎర్రగా కంది ఉన్నాయి. ఆవిడ జేబులు మూసింది కూడా తనే మరి.

* * *

నల్లకోటు సరిచెయ్యడానికి బొత్తాలు కావాల్సి వచ్చి ఒక మధ్యాహ్నం కింది వాటాలోకి వెళ్ళింది. అత్తగారు నిద్రపోతోంది. పెరటి గట్టు దగ్గర చిన్నకోడలు బట్టలు ఉతుకుతోంది. అత్తగారి దుప్పట్లు. ఆవిడకి ఈ మధ్య రాత్రుళ్ళు పక్క తడిసిపోతోందని పెద్దకోడలికి తెలుసు. ఆ దుప్పట్లు రోజూ ఎవరు ఉతుకుతున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. చిన్నకోడలి చేతులు మణికట్టు దాకా పగిలి, కణుపుల దగ్గర నెత్తురు చారలు కట్టి ఉన్నాయి. ఆ పొడుగు మెడ చూసినన్నిసార్లు ఈ చేతులు చూడలేదు తను.

"వేడినీళ్ళు పెట్టుకోవచ్చు కదే!"

"గ్యాస్ అయిపోతుందంటారు." చిన్నకోడలు చేతులు లంగాకి తుడుచుకుని, బొత్తాల డబ్బా తెచ్చి ఇచ్చింది. ఇచ్చి వెళ్ళలేదు. "అక్కా, ఒకటడగనా? కోప్పడకూడదు. ఆ జేబులు... నిజంగా మూసి ఉంచాల్సినవేనా?"

పెద్దకోడలు డబ్బాలో బొత్తాలు కెలుకుతూ కూచుంది. "ఎందుకలా అడిగావు?"

"ఆ రోజు విప్పేద్దామనుకున్నా. గోరుతో ఒక దారం పైకి లాగాను కూడా. మళ్ళీ, నువ్వు ఏది కుట్టినా ఏదో అర్థం ఉండే కుడతావు కదా, నేను విప్పితే నీకు బాధేస్తుందని వదిలేశా. ఇప్పుడేమో ఊరంతా నా పేరు పెట్టేశారు. దారిలో పంతులమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది, తెలుసా? చేతులు చల్లబడ్డ ప్రతి ఆడదీ నన్నే తిట్టుకుంటోంది."

"నీకేమే," అంది పెద్దకోడలు. అనకూడదనుకుంటూనే అనేసింది. "నీకు కోటు పట్టుకుని తొడిగే మొగుడున్నాడు."

చిన్నకోడలు తెల్లబోయి చూసింది. తరవాత నవ్వింది. నవ్వు ఆపుకోలేక గట్టు మీద చతికిలబడింది. "వీధి గుమ్మం దగ్గర పట్టుకుంటారక్కా. అక్కడే. ఇంట్లో ఒక్కనాడు ఒక్క నీళ్ళ బకెట్టు పట్టుకున్న పాపాన పోలేదు." కళ్ళు తుడుచుకుంది. "నిజం చెప్పనా? నాకు నిన్ను చూస్తే కుళ్ళు. మిషను గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటావు. కుట్టుపని అంటే ఎవరూ కొట్టరు ఆ తలుపు. నాకు ఈ ఇంట్లో వేసుకోవడానికి ఒక్క తలుపు లేదు. అత్తయ్యగారు స్నానాల గది గడియ కూడా పెట్టుకోనివ్వరు, పిలిస్తే పలకాలని."

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. కచ్చా కుట్లే అవి, కావాలనే విప్పలేదు, నీ మెడ ఎర్రబడితే చూడాలనుకున్నాను. ఇంతలో లోపల నుంచి అత్తగారు "ఏమేవ్!" అంది, చిన్నకోడలు తడి చేతులతోనే పరుగెత్తింది. పెద్దకోడలు బొత్తాలు తీసుకుని మేడ ఎక్కింది. మిషను గది తలుపు వేసుకుంది. రోజూ వేసుకునే తలుపే. దానికి గడియ ఉందని, అది లోపలి వైపు ఉందని, ఆ రోజే చూసినట్టు చాలాసేపు దాని వంక చూస్తూ నిలబడింది.

* * *

ఆదివారం నాడు నల్లకోటు తనే తొడుక్కుంది. అస్తరు సాఫీగా జారింది. భర్త చూసి, "బావుందే! ఇప్పుడు పెద్దమనిషి భార్యలా ఉన్నావు," అన్నాడు. తరవాత జేబుల దగ్గర వంగి చూసి, మూసిన గీతే కనపడేసరికి తృప్తిగా తల ఊపాడు. జేబు నోటి మీదకి వాలేట్టు ఆమె సన్నటి పట్టీ ఒకటి కుట్టింది. కింద ఏముందో పైకి తెలియదు.

చర్చిలో చలి ఎముకల్లోకి దిగుతోంది. పేరు పిలిచారు. స్తంభం పక్క నుంచి లేచి, ఆ వరసల మధ్య నుంచి ముందుకు నడిచింది. బల్ల దగ్గర హీటరు వేడి మోకాళ్ళకి తగిలింది. ఇన్నేళ్ళూ ఇక్కడ ఇంత హాయిగా ఉంటుందా! తిరిగి చూసింది. ఆడవాళ్ళు వరసలు వరసలుగా, చేతులు గుండెల దగ్గర కట్టుకుని. తను బిగించి పెట్టిన చేతులు, విప్పడానికి వీల్లేని చేతులు. పంతులమ్మ కూతురు ముక్కు ఎర్రగా ఉంది. రెండో వరసలో నీలం కోటు, పొడుగు మెడ. హీటరు పక్కన భర్త కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, ఇక కానీ అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

నిన్నెవరు చూస్తారు, అన్నాడు కదా. అందరూ చూస్తున్నారు.

పెద్దకోడలు పుస్తకం ముట్టుకోలేదు. పట్టీలు పైకి తోసి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది. మణికట్టు దాకా, మెల్లగా, అందరికీ కనపడేట్టు.

పాస్టరమ్మగారి నోరు తెరుచుకుంది. అత్తగారు "ఇదేం పోగాలమే," అంది, పైకే.

"చదివే ముందు ఒక మాట," అంది పెద్దకోడలు. అరవలేదు. గొంతు చివరి వరస దాకా వెళ్ళింది. "మన జేబులకున్నవి కచ్చా కుట్లు. కోటు పూర్తయ్యాక విప్పెయ్యాల్సినవి. మా చెల్లెలి కోటుకి నేను విప్పలేదు. మరిచిపోయి కాదు, దాన్ని చూసి కుళ్ళుకుని. అందులో ఒద్దికా లేదు, మా ఇంటి పద్ధతీ లేదు. తరవాత మీ అందరివీ మూసింది నేనే. కాబట్టి అవి చిన్నకోడలి జేబులు కావు. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండి."

మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. ఆమె కుడి జేబులోంచి చిన్న కత్తెర తీసి, బల్ల దగ్గర నుంచి నడిచి వెళ్ళి, రెండో వరసలో చిన్నకోడలి పగిలిన చేతిలో పెట్టింది. "ఒక్క చోట తెంపితే చాలు. కొస పట్టుకు లాగు. మిగతాది అదే వస్తుంది."

చిన్నకోడలు ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో క్షమించడం ఉందో లేదో తెలియలేదు. తరవాత తల వంచి తెంపింది. నీలం దారం పొడుగ్గా, చప్పుడు లేకుండా ఊడి వచ్చింది. కత్తెర పక్కావిడకి ఇచ్చింది. ఆవిడ పాస్టరమ్మగారి వంక చూసింది, కత్తెర వంక చూసింది, తన వేళ్ళ వంక చూసుకుంది. తెంపింది. పంతులమ్మ కత్తెర దాకా ఆగలేదు, పళ్ళతో కొరికేసింది. పిల్ల చెయ్యి వెంటనే ఆ జేబులో దూరింది. ఆ సందట్లో, గంట కొట్టే ముసలాయన, ఎవరూ చెప్పకుండానే, మగవాళ్ళ పక్కనున్న హీటరుని ఈడ్చుకొచ్చి ఆడవాళ్ళ వైపు తిప్పి, ఏమీ ఎరగనట్టు తన స్టూలు మీద వెళ్ళి కూచున్నాడు.

పెద్దకోడలు బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. వచ్చే వారం మళ్ళీ చదవమని ఎవరూ అనరు, అది ఆమెకి తెలుసు. ఇంటికెళ్ళాక అత్తగారి మాటలుంటాయి, భర్త మౌనం ఉంటుంది. తల ఎత్తి చూస్తే, రెండో వరసలో చిన్నకోడలు చేతులు జేబుల్లో పెట్టుకుని, భుజాలు కాస్త వెనక్కి వాల్చి నిలబడి ఉంది. అలా నిలబడటం కూడా దానికే అందంగా ఉంది. చుట్టుపక్కల అందరూ దాన్నే చూస్తున్నారు. ఒక్క క్షణం పాత మంట చురుక్కున లేచింది. లేస్తే లేచింది అనుకుని, పెద్దకోడలు వెచ్చటి చేత్తో పుస్తకం పేజీ తిప్పి, చివరి వరసకి వినపడేట్టు చదవడం మొదలుపెట్టింది.